నల్లగొర్రె ఈనిన చోటు

జనగామ,
12 ఫిబ్రవరి 1951.

ప్రియమైన అక్కకు,

ప్రియమైన అని రాయడానికి చేయి రాలేదు. అయినా రాశాను. ఉత్తరం అట్లనే మొదలుపెట్టాలని బావ నేర్పాడు కాబట్టి రాశాను. పోశయ్య బావ పోయి ఈ రోజుకు రెండేళ్లు.

మొన్న మన పక్క తండా తావుర్యా గొడ్లు అమ్ముకోవడానికి సంతకు వచ్చి, పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చి నన్ను పట్టుకున్నాడు. "మీ బాపుకు పాణం బాగలేదు బీరన్నా. అక్క జల్ది రమ్మన్నది" అన్నాడు. నేను గడ్డపార ఆపలేదు. "రాను అని చెప్పు. ఇంకా నాలుగు మాటలు కలిపి చెప్పు" అన్నాను. తావుర్యా నన్ను ఎగాదిగా చూసి, "నీ తిట్లు గంత దూరం నేనెందుకు మొయ్యాలె? కాయితం మీద రాసియ్యి, బరువుండది" అన్నాడు. అందుకే ఈ కాయితం.

దొర గడీకి గొంగడి ఊరికే నేసియ్యనన్నానని నన్ను కట్టేసి కొట్టిన నాడు ఊరు విడిచాను. ఐదేళ్లయింది. అప్పటి నుంచీ ఈ రైలు గ్యాంగులోనే కూలీని. కంకర కొడతాను, స్లీపర్లు మోస్తాను, దొరికిన కాయితమల్లా చదువుతాను. ఇక్కడ నన్ను కొట్టేవాడు లేడు. కానీ రోజూ మధ్యాహ్నం మానుకోట దిక్కు బండి పోతుంది. అది కనుమరుగయ్యేదాకా నేను వంగి పని చేయలేను. మేస్త్రీ తిడతాడు.

అయినా రాను. ఎందుకో నీకు తెలుసు. తెలిసినా మళ్లీ రాస్తాను. కుక్కలు మొరిగితే దళం జాడ మిలిటరీ క్యాంపుకు తెలుస్తున్నదని, కుక్కలను ఉంచవద్దని సంఘం చెప్పింది. ఊరంతా ఏడ్చుకుంటూనే చంపుకున్నది. నువ్వు ఒక్కదానివి మోతీని దొడ్డిలో గంప కింద దాచావు. దళంలో ఉన్న బావకు రొట్టెలు పట్టుకొని గుట్టకు పోతుంటే ఆ కుక్క నీ వెంట పడింది. దాని వెంట మిలిటరీ పడింది. బండ కింద బావను కాల్చేశారు. ఇది ఎవడో అన్న మాట కాదు. నువ్వే రాయించి పంపిన మాట.

నీ మొగుడు నీకు ఎంతో నాకు తెలియదు. నాకు మాత్రం బొగ్గు ముక్కతో బండ మీద అ ఆ లు దిద్దించిన మనిషి. ఒక కుక్క కోసం ఆయనను పోగొట్టావు. నిన్ను చూస్తే నా నోటి నుంచి ఏం వస్తుందో నాకే తెలియదు.

ఒక్క సంగతి అడుగుతాను, దీనికన్నా జవాబు రాయించు. బావ పోయే ముందు వారం నీ పేరున ఒక కార్డు వేశాను, బావకు చూపించమని. భయపడకు, చోటు పేరు రాసేంత తెలివితక్కువవాణ్ణి కాను. బయటివాడు నూరుసార్లు చదివినా అర్థం కాకుండా రాశాను. ఆ తెలివి చూసి బావ నవ్వుతాడనుకున్నాను. ఆ కార్డు అందిందా? నవ్వాడా?

కోపం ఉన్నా నీ తమ్ముడే,
బీరయ్య.


బయ్యారం పక్క మన ఊరు,
3 మార్చి 1951.

ప్రియమైన తమ్ముడు బీరయ్యకు,

మిషన్ దవాఖాన కాంపౌండరు దానియేలు సారు నీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాడు. మొదటిసారి తిట్లు వదిలేసి చదివాడు. "సారూ, మా తమ్ముడు గింత నెమ్మదిగ మాట్లాడడు. మొత్తం చదువు" అన్నాను. రెండోసారి మొత్తం చదివాడు. అప్పుడు నువ్వే వచ్చి ముంగట కూసున్నట్టయింది. ఇంకొకసారి చదవమంటే, "ఎందుకమ్మా, పుండు మీద కారమా?" అన్నాడు. కారమే కానీ, మన ఇంటి కారం.

బాపుకు దగ్గు తగ్గలేదు. జొన్న గటక రెండు బుక్కలు తిని చాలంటాడు. మంద సంగతి అడగడు. నెల రోజుల్లో తొమ్మిది గొర్రెలు ఈనినయి, ఒక్కదాన్ని కూడా చూడటానికి లేవలేదు. బాపు సంగతి నీకు తెలుసు కదా, ఏ గొర్రె ఏ వానకాలంలో ఏ పొదలో ఈనిందో వేళ్ల మీద చెప్పే మనిషి. ఇప్పుడు ఎవరన్నా గొర్రె మాట ఎత్తితే గోడ దిక్కు తిరిగి పడుకుంటాడు. తలుపు చప్పుడైతే మాత్రం లేస్తాడు. "బీరిగాడు అచ్చిండా?" ఒక్కటే మాట.

మోతీ సంగతి రాశావు. తప్పు నాదే బీరిగా. నేనే దాచిన. నేనే తోల్కపోయిన. నువ్వు ఎంత తిట్టినా పడతాను. ఇది చెప్తుంటే దానియేలు సారు కలం ఆపి నా మొహం చూశాడు. "రాయి సారూ" అన్నాను. రాశాడు.

మోతీ ఇంకా బతికే ఉంది. ముసలిదైంది, ఒక కన్ను కనబడదు. ఊరిలో మిగిలిన పాత కుక్క అదొక్కటే. తోడేలు వాసన వస్తే ఇప్పటికీ మంద చుట్టూ తిరుగుతుంది. నన్ను తిట్టు, దాని జోలికి రాకు.

పొద్దుగూకే ముందు దొడ్డి కాడ నిలబడి, మానుకోట తొవ్వ దిక్కు చూస్తాను. ఎవరన్నా గొంగడి భుజాన వేసుకొని వస్తుంటే, నడక నీదేనేమో అని. నీ నడక మారిందో ఏమో. పట్టాల మీద నడిచేవాళ్లు కొలిచినట్టు అడుగులేస్తారట కదా.

రా తమ్ముడూ. వచ్చి నాతో మాట్లాడకు. బాపుతో మాట్లాడిపో.

ఎదురుచూసే అక్క,
కొమురమ్మ.


జనగామ,
8 ఏప్రిల్ 1951.

ప్రియమైన అక్కకు,

కార్డు సంగతి మళ్లీ మింగేశావు. పొరపాటున మరిచిపోయావా, కావాలని మరిచిపోయావా?

ఇక్కడి సంగతి విను. నన్ను కట్టేసి కొట్టించిన దొర మొన్న జనగామ స్టేషనులో దిగాడు. ఖద్దరు టోపీ, ఖద్దరు లాల్చీ. మెడలో దండ. నలుగురు మోస్తున్నారు సామాను. నన్ను గుర్తుపట్టాడు. "బీరిగా, బాగున్నవా? జరిగిందేదో జరిగింది. పెద్దమనసు చేసుకొని అందరం మరిచిపోవాలె. ఇగ కలిసుందాం" అన్నాడు. నా వీపు మీది చారలు ఎవరికి చూపాలి అక్కా? వాడు మరిచిపోతే సరిపోతుందా? వాడి చేతికి నొప్పి లేదు కదా.

నేను ఒకటి అనుకున్నాను. మన దగ్గర గొంగడి ఊరికే తీసుకున్నారు. గొర్రెపిల్లను ఊరికే తీసుకున్నారు. ఒంటి చాకిరీ ఊరికే తీసుకున్నారు. ఇప్పుడు మాఫీ కూడా ఊరికే ఇయ్యమంటున్నారు. గొంగడి వెట్టి, గొర్రె వెట్టి, ఇది మాఫీ వెట్టి. బీదవాడి దగ్గర ఇంకేమీ మిగలనప్పుడు వాడి కోపం కూడా గుంజుకుంటారు. నేను ఇయ్యను. దొరకు ఇయ్యను, నీకూ ఇయ్యను.

నువ్వు దొరవు కాదని నాకు తెలుసు. కానీ తప్పు చేసినవాళ్లు తప్పును నలుగురిలో ఒప్పుకోవాలి. బాపు పడక పక్కన కూర్చొని నాకు గుసగుసగా చెప్తే చాలదు. వైశాఖంలో బీరప్ప పండుగకు కులం మొత్తం కూడుతుంది. అందరి ముందు నిలబడి చెప్పు, నా కుక్క వల్లనే నా పెనిమిటి చచ్చిపోయాడు అని. ఆ కుక్కను కూడా లేకుండా చెయ్యి. అప్పుడు వస్తాను. బీరప్ప మీద ఆన.

కోపం రాసి కూర్చుంటే ఏమయిందో తెలుసా? ఒక గూడ్సు బండి వచ్చి ఆగింది. ఒక డబ్బాలో గొర్రెలు. ఎవరివో, ఎక్కడికో. ఆ తడి ఉన్ని వాసన తగిలి నేను పట్టా మీదనే కూర్చుండిపోయాను. ఇక్కడ జాగలకు పేర్లు ఉండవు అక్కా, నంబర్లు. నూట ముప్పై మైలు మీద రెండో స్తంభం కాడ పట్టా వదులైంది అంటారు. మనకో? తోడేలు పడ్డ వాగు. పొట్టేలు జారిన గడ్డ. అవ్వ గొంగడి పారేసుకున్న మర్రి. గొర్రెకు ఏదన్నా అయితే ఆ చోటుకు పేరు పడుతుంది. నాకు ఈ నంబర్లలో నిద్ర పట్టదు.

బాపు గటక తింటున్నాడా? ఎప్పుడూ రాసేదే, దాంట్లో మజ్జిగ పలుచగా పొయ్యి. చిక్కగా ఉంటే తినడు.

నీ తమ్ముడు,
బీరయ్య.


మన ఊరు,
20 మే 1951.

ప్రియమైన బీరయ్యకు,

దొరను మాఫ్ చెయ్యమని నేను ఎన్నడూ అనలేదు. వాడు నీ వీపు చూడనీ. చూసినంక మాఫీ అడగనీ. నువ్వు అన్నది నిజమే, అడగనోనికి ఎందుకియ్యాలె? మనం మనం వేరే.

నువ్వు చెప్పినట్టు చేశాను. పండుగ నాడు డోలు ఆగినంక కులం ముందు నిలబడ్డాను. తల మీది కొంగు తీయలేదు, తల వంచలేదు. "నా కుక్కను దాచి నా పెనిమిటిని పోగొట్టుకున్న. తప్పు నాది" అన్నాను. చింతపండు అమ్మే ముత్తమ్మ అక్క గొల్లున ఏడ్చింది. మన కులపెద్ద పెద్దకురుమ తల దించాడు. నేల చూశాడు. అక్కడున్న మగవాళ్లు సగం మంది నేలనే చూశారు బీరిగా. ఒక్కడు కూడా నన్ను తిట్టలేదు.

బాపును మంచం మీద మోసుకొచ్చారు పండుగ చూపిస్తామని. నా మాట అయిపోయేసరికి లేచి కూర్చున్నాడు. తన నోటి మీద తనే కొట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. పెదవి పగిలి నెత్తురొచ్చింది. చెయ్యి పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది.

మోతీ సంగతి చెప్పాను, దాన్ని చంపను. అదొక్కటి అడగకు.

ఇటు దిక్కు గడ్డి మొత్తం ఎండింది. మందను టేకుమట్ల అడవికి తోలుకపోతున్నాను, వానలు పడేదాకా. మోతీ నాతోనే. బాపు ఇంట్లోనే. దానియేలు సారు పొద్దున, మాపటీలి వచ్చి చూస్తానన్నాడు. ఒళ్లు కూడా తుడుస్తున్నాడు పాపం. మీ అమ్మ కడుపున పుట్టని కొడుకు అనుకో అన్నాడు.

మాట ప్రకారం ఇగ రా.

నీ అక్క,
కొమురమ్మ.


జనగామ,
14 జూన్ 1951.

అక్కా,

ఈ ఉత్తరం దానియేలుకు చూపించకు. అందుకే టేకుమట్లకు పంపుతున్నాను. అక్కడ ఎవరన్నా చదువొచ్చినవాళ్లుంటే, దూరం తీసుకపోయి చదివించుకో.

నీ ముందటి ఉత్తరం చదివి సంతోషం కావాల్సింది. కాలేదు. నువ్వు తల వంచకుండా నిలబడ్డావని చదివి కాయితం మడిచి పక్కన పెట్టాను. మాట ప్రకారం రావాల్సింది. మూట కూడా కట్టాను. స్టేషను దాకా పోయి తిరిగి వచ్చాను. నాలుగు రోజులు పొద్దుగూకినంక కూడా కంకర కొట్టాను. నేను అడిగింది నువ్వు ఇచ్చావు, అయినా నాకు చల్లబడలేదు. ఎందుకు చల్లబడలేదో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

కిషన్ వరంగల్ జైలు నుంచి వచ్చాడు. బావతోపాటు బండ కింద ఉన్నవాడు, ప్రాణంతో దొరికినవాడు. మా గ్యాంగు గుడిసెల కాడ రెండు రోజులున్నాడు. నేను కుక్క సంగతి ఎత్తి నిన్ను తిట్టాను. వాడు తింటున్న ముద్ద పట్టుకొని ఆగిపోయాడు.

"కుక్క ఏందిరా?"

"మోతీ. అక్క వెంట వచ్చింది కదా."

"నీకు పిచ్చా? ఆ దినం కుక్క రాలే, మీ అక్క రాలే. మేం రెండు దినాల సంది పస్తులున్నం. మిలిటరోళ్లు సీదా అచ్చిండ్రు. ఎవడో చెయ్యి పట్టుకొని చూపించినట్టు అచ్చిండ్రు."

నా కార్డు అందిందా అని కూడా అడిగాను. ఏ కార్డూ రాలేదన్నాడు. ఇంకొకటి చెప్పాడు. వాణ్ణి కట్టేసి క్యాంపుకు తెచ్చినప్పుడు దానియేలు అక్కడ ఉన్నాడట. ఆఫీసరు పక్కన నిలబడి మాట్లాడుతున్నాడట.

ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. నిన్ను బెదిరించి నీ చేత కుక్క కథ రాయించిందీ వాడే. మొదటి ఉత్తరం రాసింది వాడి చేయే కదా! నువ్వు నిజం చెప్పబోతే రాసేది వాడే, నేను రాసింది చదివేది వాడే. అందుకే నా కార్డు మాట ఎన్నడూ నీ దాకా రాలేదు. నా బాపు ఒళ్లు తుడిచే చేతులతో నా బావను పట్టించాడు.

నెలాఖరుకు జీతం తీసుకొని వస్తున్నాను. నీ కోసం కాదు, వాడి కోసం. నాకు తుపాకి లేదు, గడ్డపార ఉంది. రాళ్లు పగలగొట్టిన చెయ్యి ఇది. అడ్డం రాకు.

బీరయ్య.


టేకుమట్ల, మంద కాడ,
24 జూన్ 1951.

ప్రియమైన బీరిగానికి,

ఇది నా చేతిరాత. నవ్వకు. ఏడాది సంది దానియేలు సారు కాడ నేర్చుకుంటున్న. నీకు చెప్పలే. నీతోని ఒక మాట ఉండె, అది ఇంకొకరి చేత రాయించేది కాదు. అది చెప్పే దినం రావద్దని మొక్కుకుంటనే నేర్చుకున్న.

నీ ఉత్తరం నేనే చదువుకున్న. పొద్దున మొదలువెడితె గొర్లు నీళ్లకు దిగేయాల్లకు అయిపోయింది. సారును చంపుత అన్న కాడ మూడుసార్లు చదివిన, తప్పు చదివిన్నేమో అని.

నీ కార్డు అందింది. రెండేండ్ల సంది అడుగుతున్నవు. అందింది. బావకు కాదు.

ఉత్తరాలు తెచ్చే టప్పా మనిషి నీ కార్డు ఊరి పటేలు ఇంట్ల ఇచ్చిండు. పటేలు క్యాంపుల ఇచ్చిండు. ఆ దినం ఊరోళ్లను నలుభై మందిని పొద్దటి సంది ఎండల నిలబెట్టిండ్రు. బాపు, నేను పక్కపక్కన. పటేలే కార్డు చదివిండు, అందరికి ఇనబడేటట్టు. "బావకు చలిజరం అని తావుర్యా చెప్పిండు. నల్లగొర్రె రెండు పిల్లలను ఈనిన కాడ చలి ఎక్కువ. ఇంకొక గొంగడి తీస్కపో. నా అక్షరాలు ఎట్లున్నయో బావనడుగు." నీ ఉత్తరం నేను ఇన్నది అదే మొదటిది తమ్ముడా. ఎంత మంచిగ రాసినవో అనుకున్న. ఒక్క రెప్పపాటు గర్వపడ్డ. తర్వాత బాపు చెయ్యి పట్టుకున్న.

నువ్వు బయటోనికి తెల్వదనుకున్నవు. మన కురుమోళ్లకు అది దాచిన పేరా? నలుభై మందికి ఎరుకే. ఆఫీసరు అడిగిండు, ఎక్కడ ఈనింది అని. ఎవ్వలు నోరు తెరవలే. కట్టెతోని కొట్టిండ్రు, తెరవలే.

అప్పుడు పటేలు నవ్విండు. వానికి మనం ఎరుక. బాపు దిక్కు చూసి, "గీ ముసలోనికి నల్లగొర్రె యాడిది? కవలలు యాడియి? కొడుకు కోతలు కోసిండు. గీని మందల గొర్లు ఒక్క పిల్లను ఈనుడే గగనం" అన్నడు.

బాపు పొద్దటి సంది నీళ్లు తాగలే. ఎండకు కండ్లు తిరుగుతున్నయి. నా గొర్రెను గింత మాటంటవా అని కట్టె లేపిండు. "నా నల్లగొర్రె ఈనలేదంటవా? ఎర్రబండ కింద, తునికిచెట్ల నడుమ, రెండు ఆడపిల్లలను ఈనింది! ఇప్పటికి వాటి పిల్లల పిల్లలున్నయి నా మందల!" అన్నడు. కట్టెతోని గుట్ట దిక్కు చూపించిండు. అన్నంక ఆ కట్టె గట్లనే గాలిల ఉండిపోయింది. బాపు నా మొకం చూసిండు. ఆ చూపు నేను ఎవ్వలికి చెప్పలే.

తుపాకుల సప్పుడు మాకు ఇనబడ్డది.

దానియేలు సారును మిలిటరోళ్ల పుండ్లకు కట్టు కట్టనీకె గుంజుకచ్చిండ్రు. ఆఫీసరుతోని మాట్లాడింది బాపుకు నీళ్లియ్యనియ్యమని. దానికి చెంప మీద దెబ్బ తిన్నడు. నీ బావ కండ్లు మూసింది ఆ చేతులే.

కార్డును పటేలు మట్టిల పారేసిండు. నేను ఏరుకున్న.

వారానికి నీ ఉత్తరం అచ్చింది. బావను పట్టిచ్చినోని పేరు రాయి, వాని నెత్తురు కండ్ల చూస్త అని. నేనెవ్వరి పేరు రాయిచ్చాలె? నీ పేరా? నువ్వు పట్టాల మీద ఉండేటోనివి. బాపు పేరా? గోడ దిక్కు తిరిగినోన్ని ఇంకెటు తిప్పాలె? కుక్క పేరు చెప్పిన. సారు వద్దన్నడు, నేనే రాయమన్న. పండుగ నాడు కులపోళ్లు ఎందుకు నేల చూసిండ్రో ఇప్పుడు తెలిసిందా? అందరికి ఎరుక. రెండేండ్లల్ల ఒక్కరు కూడ నీ దాకా రానియ్యలే. మోతీని ఎందుకు చంపలేదో గుడ తెలిసిందా? అబద్ధం నాది. కుక్కది కాదు.

నేను మంచిదాన్ననుకోకు. ఆరు నెలలు నీ పేరు ఎత్తలే. సారు నీ ఉత్తరం చదువుతుంటే లేచి దొడ్లకు పోయేదాన్ని. నా మొగుని మీద నువ్వు ఏడుస్తుంటే ఒళ్లు మండేది. నీ అక్షరాలే తిన్నయి రా ఆయనను అని అరవాలనిపిచ్చేది. తల్లిగొర్రె పిల్లను తన్నితే బాపు ఏం చేస్తడో నువ్వు చూసినవు. తిట్టడు, బతిమాలడు. దాని మెడ పట్టుకొని పిల్లను పొదుగు కాడ పెడతడు. మళ్ల తంతది. మళ్ల పెడతడు. మూడు దినాలు, నాలుగు దినాలు, వాసన కలిసేదాకా. నేను నా మెడ నేనే పట్టుకున్న బీరిగా. ఎన్ని దినాలు పట్టిందో లెక్క లేదు. పోయినేడు ఒక దినం నీ ఉత్తరంల బాపు గటకల మజ్జిగ పలుచగ పొయ్యమని రాసినవు. ఆ దినం తన్నలే.

నిన్ను మాఫ్ చేసిన అని నేను అనను. అది పెద్దోళ్ల మాట. నువ్వు నా తమ్మునివి, ఇంటికి రా, అంతే. పటేలు సంగతి వేరే. దొర సంగతి వేరే. వాళ్ల మీద కోపం ఉంచుకో, నేను గుడ ఉంచుకున్న.

కార్డు నా గొంగడి అంచుల కుట్టుకొని ఉన్న. పంపను. అచ్చి తీస్కో.

ఈ కాయితం నీకు తెచ్చియ్యనీకె తావుర్యా నిలబడి ఉన్నడు. భూపాలపల్లిల కట్టెల లారీ దొరుకుతదట. గడ్డపార ఆడ్నే ఇడిసి రా. బాపు కాడ దినాలు లేవు.

నీ అక్క,
కొమురమ్మ.


జనగామ,
29 జూన్ 1951.

అక్కకు,

ప్రియమైన అని రాయడానికి ఈసారి చేయి వచ్చింది, మొహం రాలేదు.

తావుర్యా కాయితం ఇచ్చి పోలేదు. చదివేదాకా పక్కనే కూర్చున్నాడు, నువ్వు చెప్పి పంపావట. మంచిదైంది. మానుకోట బండి వచ్చేటప్పుడు నేను పట్టా మీదనే ఉన్నాను. కూత వినబడలేదు. తావుర్యా, మేస్త్రీ కలిసి చెరో రెక్క పట్టుకొని గుంజారు. మోచేయి గీసుకపోయింది, ఇంకేమీ కాలేదు. "గిందుకేనా మీ అక్క నన్ను గడియలు గడియలు కూసోమన్నది" అని తావుర్యా తిట్టాడు. వాడి తిట్లు నేను మోసుకొస్తున్నాను, బరువుగానే ఉన్నాయి.

గడ్డపార స్టోరులో అప్పగించాను. రేపటి బండికి వస్తున్నాను. మానుకోటలో దిగి నడుచుకుంటూ ఊరికి పోతాను. నువ్వు మందను ముత్తమ్మ అక్క కొడుకులకు అప్పజెప్పి రా. మోతీని తోలుకొని రా. అది నన్ను కరిచినా సరే.

దానియేలు సారుతో ఏమనాలో తెలియదు. ముందు దవాఖానకు నీళ్ల కావడి మోస్తాను. మాట ఎప్పుడన్నా వస్తే అప్పుడు చెప్తాను. నీకు చెప్పాల్సింది కూడా ఇప్పుడు రాయలేను. రాసింది చాలు ఈ జన్మకు.

బాపు దగ్గర ఏం చేయాలో మాత్రం తెలుసు. మంచం పక్కన కూర్చుంటాను. "బీరిగాడు అచ్చిండా" అంటే, "అచ్చిన బాపూ" అంటాను. తర్వాత అడుగుతాను, "బాపూ, మన నల్లగొర్రె కవలలను యాడ ఈనింది?" అని. నోటి మీద కొట్టుకోబోతే చెయ్యి పట్టుకుంటాను. గోడ దిక్కు తిరిగితే నేనూ అటు దిక్కు పోయి కూర్చుంటాను. ఎర్రబండ, తునికిచెట్లు, రెండు ఆడపిల్లలు, అన్నీ చెప్పేదాకా అడుగుతాను.

ఈసారి అడిగేది నేను.

నీ తమ్ముడు,
బీరిగాడు.